మామ వేసిన అతుకు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. హైదరాబాద్ పక్కన ఏదో పార్కులో కొత్త రోలర్ కోస్టర్ రాబోతోందట, ఇంకా మొదలుకాకముందే టికెట్ల కోసం జనం ఎగబడుతున్నారట, స్నేహితురాళ్లంతా మొదటి వారంలోనే ఎక్కాలని మాట అనుకున్నారట, నేను సరే అంటే తనూ పోతుందట. ఫోన్‌లో ఆ కొత్త బండి ముందు ఎవరో పెద్దావిడ కొబ్బరికాయ కొట్టి, దాని ముక్కుకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెడుతోంది, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. నేను మాత్రం ఆవిడ చేతిలోని పసుపు గిన్నెనే చూస్తూ కూర్చున్నాను, ఆ చెయ్యి తరువాత ఎక్కడికి పోతుందా అని. నేను జవాబు చెప్పేలోపే పిల్ల ఫోన్ పట్టుకుని, మా దగ్గరే ఉంటున్న మా అత్తమ్మకు చూపిస్తానని లోపలి గదిలోకి పరిగెత్తింది. వద్దని అరిచేలోపే గడప దాటేసింది.

అత్తమ్మ అంటే మా మేనమామ భార్య. నా ఈడువాళ్లు, ఆర్మూర్ చుట్టుపక్కల పెరిగినవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మన ఊరికి కూడా ఒక రోలర్ కోస్టర్ వచ్చింది. దాన్ని వాళ్లు ఎలా గుర్తుపెట్టుకున్నారో కూడా నాకు తెలుసు. తప్పుగా గుర్తుపెట్టుకున్నారు. ఆ కడుపుమంట ఇన్నేళ్లయినా చల్లారలేదు కనుకనే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మామకు మార్కెట్ యార్డుకు పోయే దారిలో వెల్డింగ్ షాపు ఉండేది. డిగ్రీ మధ్యలో మానేసి నేను ఆయన దగ్గరే పనిలో చేరాను. పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయిలు, ఎండిన కొమ్ములు పోసి తిప్పితే మెరుగు వచ్చే ఇనుప డ్రమ్ములు, ట్రాలీ కొక్కేలు, ఇవీ మా పనులు. సీజన్ వచ్చిందంటే గాలి కూడా పసుపు వాసనే వేసేది, తెల్ల చొక్కా వేసుకోవాలన్న కోరిక మా ఊరి మగవాళ్లలో చాలామందికి తీరకుండానే పోయింది. రైతులు వేల్పూర్ నుంచి, ఏర్గట్ల నుంచి వచ్చి మా షాపు ముందే కూర్చునేవారు, పక్క షాపు ఖాళీగా ఉన్నా అటు పోయేవారు కారు. మామ తక్కువ మాట్లాడే మనిషి. అతుకు వేశాక దాన్ని చల్లారనిచ్చి, చిన్న సుత్తితో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఆ చప్పుడు నచ్చకపోతే ఎదుటి మనిషి ఎంత తొందరపెట్టినా కోసేసి మళ్లీ వేసేవాడు. "ఇనుము ఇరిగితే ఇరగనీ, నా అతుకు ఇరగొద్దు" అనేవాడు. ఆ ఒక్క విషయంలోనే ఆయనకు గర్వం, మిగతా అన్నిటిలో అత్తమ్మ మాటే చెల్లేది.

షాపు వెనకే ఇల్లు. ఏ వస్తువు షాపు దాటాలన్నా అత్తమ్మ చేతి పసుపు పడాల్సిందే. గిన్నె పట్టుకుని వచ్చి, "దీంట్ల అసలు పని చేసేదేది?" అని మామను అడిగేది. కడాయికైతే అంచు, డ్రమ్ముకైతే తలుపు, ట్రాలీకైతే కొక్కెం. మామ చూపించిన చోట గడపకు పూసినట్టు నిండుగా పూసేది. నీళ్లతో కలిపితే ఇనుము మీద ఎండి రాలిపోతుందని నువ్వుల నూనెలో కలిపేది, ఇక ఆ పసుపు ఎన్ని రోజులైనా వదిలేది కాదు. రైతులకు అదే మా షాపు గుర్తు. ఎప్పుడైనా పసుపు అంటని డ్రమ్ము చేతికిస్తే, అమ్మ ఊళ్లో లేదా అని అడిగి, ఆమె వచ్చేదాకా కూర్చుని పూయించుకుని మరీ పోయేవారు.

ఆ ఏడు పసుపు మంచి ధరకు పోయి జనం చేతుల్లో కాస్త డబ్బు ఆడుతున్న వేసవిలో, రోడ్డు పక్క మైదానంలోకి ఎగ్జిబిషన్ వచ్చింది. జెయింట్ వీల్ అంతకుముందూ వచ్చేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి లారీల మీద వంకర పట్టాలు దిగాయి. ఆటోలో మైకు పెట్టి ఊరూరా తిప్పారు, రోలర్ కోస్టర్ అన్న మాట బాల్కొండ పిల్లల నోళ్లలో కూడా నానింది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు అక్కడ తాము ఎక్కినట్టు కోతలు కోసేవారు, కడుపులో పేగులు నోట్లోకి వస్తాయని ఒకడు, కాదు కళ్లే కనబడవని ఒకడు. సిద్ధుల గుట్ట ఎక్కినవాళ్లు దేవుడికి దండం పెట్టుకున్నాక ఇటు తిరిగి పట్టాలు ఎంతవరకు లేచాయో చూసుకునేవారు. రేపు మొదలు, ఎల్లుండి మొదలు అని మైకు చెప్పడం, ట్రాక్టర్ల నిండా జనం వచ్చి ఉసూరుమని తిరిగిపోవడం, ఇలా కొన్నాళ్లు సాగింది. చివరికి ఎవరో ఓపిక పట్టలేక టికెట్ గది మీద రాళ్లు విసిరారు.

ఆలస్యానికి కారణం ఒక ఇనుప కమ్మీ. బండి గుండ్రంగా తిరిగి వచ్చి ఎక్కే చోటు చేరగానే, అక్కడి మనిషి ఒక పొడుగాటి లివర్ లాగుతాడు, పట్టాల మధ్య ఉన్న చెక్క బల్లలు పైకి లేచి బండి అడుగును ఒత్తి పట్టి ఆపుతాయి. ఆ లివర్‌ను బల్లలకు కలిపే కమ్మీ లారీలో విరిగింది. ఎగ్జిబిషన్ యజమాని ఇద్దరు ముగ్గురి దగ్గరికి తిరిగి, చివరికి మా షాపుకు వచ్చాడు. మామ ఆ కమ్మీకి అతుకు వేసి, కొట్టి విని, నచ్చక కోసి, మళ్లీ వేసి, మళ్లీ విన్నాడు. మన ఊరి కోస్టర్ మామ చేతుల మీదుగా నడుస్తోందని యార్డులో హమాలీలు కూడా చెప్పుకున్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

మొదలుపెట్టే రోజు మధ్యాహ్నం వేల్పూర్ వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు తల్లి, చంకలో పిల్లాడితో, మంచినీళ్ల కోసం మా షాపు ముందు ఆగింది. అంతకుముందు రెండు సార్లు వచ్చి తిరిగిపోయిందట. పసుపు కల్లాల్లో కూలికి పోతుందట, పెనిమిటి దుబాయిలో ఉన్నాడట, ఫోన్ చేసినప్పుడల్లా కొడుకును ఎక్కించావా అని అడుగుతున్నాడట. "గీసారైన నడుస్తదా అన్నా?" అంది. మామ నవ్వి, "ఇయ్యాల తప్పకుంట ఎక్కుతవు బిడ్డా, అతుకేసింది నేనే" అన్నాడు. ఆ మాటను ఆయన తరువాత ఎన్నిసార్లు తలచుకుని ఉంటాడో దేవుడికే తెలియాలి.

సాయంత్రం ఇసుక మూటలు వేసి బండిని ఉత్తగా తిప్పి చూశారు. లివర్ లాగగానే చక్కగా ఆగింది. జనం ఈలలు వేశారు. అప్పుడు అత్తమ్మ గిన్నెతో వచ్చింది. ఎప్పటిలాగే మామను అడిగింది, అసలు పని చేసేదేదని. మామ గర్వంగా ఆ బల్లలు చూపించి, "బండిని ఆపేటివి గివే" అన్నాడు. ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని, పట్టాల మధ్య కూర్చుని, ఆ బల్లలన్నిటికీ పొడవునా నూనె కలిపిన పసుపు నిండుగా పూసి బొట్లు పెట్టింది. ఎక్కడి నుంచో వచ్చిన ఆ పనివాళ్లు కూడా చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. అక్కడున్న అంతమందిలో ఒక్కరికీ తప్పు అనిపించలేదు. నాకూ అనిపించలేదు. పసుపు కదా.

బండి మొదటి చుట్టు మనుషులతో బయలుదేరేసరికి లైట్లు వేశారు. రెండో చుట్టులో చోటు పట్టాలని జనం తాళ్లు దాటి, ఎక్కే చోటు అవతల పట్టాల మీదికే వచ్చేశారు. ఆపేవాళ్లు అరిచారు, వినేదెవరు. అందరికంటే ముందు ఆ వేల్పూర్ తల్లి ఉంది. బండి దిగి వచ్చింది, పనివాడు లివర్ లాగాడు, బల్లలు లేచాయి. నేను కళ్లారా చూశాను, లేచాయి. బండి వాటి మీద జారిపోయింది. లివర్ పక్కన నిలబడ్డ మామ ఎక్కే గట్టు పైనుంచి దూకి పిల్లాణ్ణి లాగి పక్కకు విసిరాడు. పిల్లాడు బతికాడు. తల్లి బతకలేదు. మామ కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. బల్లల మీద పసుపు చక్కగా తుడిచినట్టు పోయి, చెక్క నున్నగా మెరుస్తోంది.

ఆ తరువాత జనం గడ్డపారలు తెచ్చి దొరికినదల్లా విరగ్గొట్టారు. యజమాని పారిపోయాడు. దవాఖానకు పోలీసులు వచ్చినప్పుడు వరండాలో అంతమంది వింటుండగా అత్తమ్మ లేచి నిలబడింది. "నేనే పూసిన సారూ. నూనె గూడ కలిపిన. గందుకే జారింది. ఆయన అతుకు మంచిగనే ఉన్నది" అంది. మా వాడకట్టు పెద్దమనిషి ఒకాయన ఆమె తల నిమిరి, "పసుపు పూస్తె మనుషులు సస్తరా తల్లీ, ఊకో" అన్నాడు. పసుపు పండించి, పసుపు అమ్మి, పసుపు తిని బతికే ఊరు మాది. ఆ ఊరు ఆ మాట ఎలా నమ్ముతుంది?

లోపల మంచం మీద ఉన్న మామ ఆ మాట విన్నాడు. పోలీసులను పిలిపించుకుని, "దానికి మతి చెదిరింది సార్, పట్టించుకోకుండ్రి. నా అతుకే ఇడిసింది" అని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవబోతే నా మణికట్టు పట్టుకుని, తన మీద ఒట్టు వేయించుకున్నాడు. ఆయనకు అంతకాలం ఉన్న ఒకే ఒక గర్వాన్ని ఆయనే తీసి పక్కన పెట్టాడు, భార్య జైలుకు పోకూడదని. ఊరు ఆ మాటను వెంటనే నమ్మింది. దానికి ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

కాలు తీసేశాక కొన్నాళ్లు జైలు, తరువాత బెయిలు, ఆపైన ఏళ్ల తరబడి నిజామాబాద్ కోర్టు చుట్టూ తిరగడం. కర్ర ఊతంతో బస్సు దిగుతుంటే ఆయన్ను చూసి ముఖం తిప్పుకునేవారిలో మా షాపు ముందు గంటల తరబడి కూర్చున్న రైతులూ ఉండేవారు. వాళ్లనూ ఏమనగలను, ఒక తల్లి పోయింది. ఒకరోజు నేను పాత ఇనుము కొట్టులో, మామ ఒప్పుకున్నాక ఎవరూ వెతకని ఆ కమ్మీని చూశాను. గడ్డపార దెబ్బలకు రెండుగా విరిగి ఉంది. విరిగింది అతుకు దగ్గర కాదు, దానికి జానెడు దూరంలో. ఇంటికి తెచ్చి మామ చేతికిచ్చాను. ఆయన చాలాసేపు వేలితో తడిమి, సుత్తి అడిగి, కొట్టి, చెవి ఆనించి విన్నాడు. కళ్లు నిండాయి. "మంచిగనే పడ్డది రా" అన్నాడు. ఆ వెంటనే, "గిది ఎవ్వలకు సూపియ్యకు. సూపిస్తె మీ అత్తమ్మను తీస్కపోతరు" అని మంచం కిందికి తోసేశాడు.

షాపు మూతపడింది. అత్తమ్మ ఆ రోజు నుంచి పసుపు ముట్టలేదు. కూరలో వేయలేదు, పాదాలకు రాసుకోలేదు, గడపకు పూయలేదు. పెనిమిటి బతికుండగా గడప బోసిగా పెట్టుకుందని, అందుకే ఆ ఇంటికి అరిష్టమని వాడకట్టు ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. మామ మాత్రం ఆమెను ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆమె వండిన ఆ తెల్లటి పప్పును మాట్లాడకుండా తినేవాడు. పక్క షాపులో ఎవరైనా అతుకు వేసి కొడుతుంటే తల అటు తిప్పి వినేవాడు.

మామ పోయిన రోజున, శవాన్ని లేపే ముందు, ఆచారం ప్రకారం భార్యకు చివరిసారి పసుపు పూసి బొట్టు పెట్టడానికి ఆడవాళ్లు గిన్నె తెచ్చారు. అత్తమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఆయన అతుకు ఇరగలే. నేనే పూసిన" అని అందరి ముందూ మళ్లీ చెప్పింది. ఆయనే పోయాక నా ఒట్టు కూడా తీరిందనుకుని, నేను మంచం కింద నుంచి కమ్మీ తీసి మగవాళ్ల చేతుల్లో పెట్టాను. వాళ్లు ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని చూశారు. ఒకాయన "గిప్పుడెందుకు రా గదంత" అని దాన్ని గడప పక్కన పెట్టాడు. అందరూ దాన్ని దాటుకుంటూ శవం వెంట నడిచారు.

ఇప్పుడు ఆర్మూర్‌లో డ్రమ్ములు బయటినుంచి రెడీగా వస్తున్నాయి. వాటికి ఎవరు అతుకు వేశారో కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. మొన్న మా అమ్మాయి లోపలి గదిలో ఫోన్ చూపిస్తుంటే నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. అత్తమ్మ చాలాసేపు చూసి, "గా బండిని ఆపే కాడ గూడ పూసిండ్రా బిడ్డా?" అని అడిగింది. లేదు, ముక్కుకే పూశారు అని పిల్ల నవ్వింది. "అయితె పోయి రా" అంది అత్తమ్మ, అటు తిరిగి పడుకుంది. ముసలివాళ్ల చాదస్తం అనుకుంది మా అమ్మాయి. దాన్ని తప్పుపట్టను, అంత పెద్ద ఊరే నమ్మలేదు.

ఆ కోస్టర్ గురించి ఎప్పుడైనా మాట వస్తే, అతుకు విరిగి మనిషి పోయిందనే ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కమ్మీ మా ఇంట్లోనే ఉంది. నమ్మనివాళ్లు ఎవరైనా రావచ్చు, సుత్తి నేనే ఇస్తాను, కొట్టి వినండి.