రంగు లేని బొమ్మలు

ఆ రోజు ఉదయం మా సాన్వి స్టీలు గ్లాసు చూపించి "ఊఁ, ఊఁ" అంది. రెండేళ్లు దాటిన పిల్ల. కొన్నాళ్ల ముందు వరకూ "అమ్మా, నీళ్లు కావాలి" అని స్పష్టంగా అడిగిన పిల్ల. నేను గ్లాసు వెనక దాచి "ఏం కావాలి? చెప్పు" అన్నాను. చెప్పలేదు. గోడకు తల ఆనించి ఏడ్చింది. ఏదో తేడాగా ఉందని నాకు తెలిసింది అప్పుడే. ఆ మాట ఎవరికి చెప్పినా నమ్మలేదు.

మేం దువ్వాడ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా ఆయనది షిఫ్టు ఉద్యోగం. పాప పుట్టాక సిగరెట్లు మానేశారు. చేతులు ఊరికే ఉండలేక చెక్కపని మొదలుపెట్టారు. రోజుకొక వస్తువు చేయాలని నియమం. ఏ షిఫ్టు అయినా సరే, రాగానే స్నానం, టీ, ఆ తర్వాత బాల్కనీలో పీట. ఒకరోజు లారీ, ఒకరోజు బాతు, ఒకరోజు తాళంచెవుల గుత్తికి చిన్న చేప. అవగానే ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టేవారు. "ఏటి బావా, డ్యూటీ మానీసి వడ్రంగోడివి అయిపోనావేటి?" అని స్నేహితులు వాయిస్ మెసేజ్‌లు పంపేవారు. ఆయన పొంగిపోయేవారు.

చెక్క ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి తెచ్చేవారు. పాత బోట్లు విప్పి అమ్మేసిన పలకలు. వాటి మీద ఏళ్ల తరబడి పొర మీద పొరగా వేసిన రంగు ఉండేది. అదంతా సాండ్ పేపర్‌తో గీకేసి, లోపలి చెక్కతో బొమ్మ చేసేవారు. "బజారు బొమ్మల రంగుల్లో ఏటి కలుపుతారో ఎవడికి తెలుసు? మన పిల్లకి రంగు లేని బొమ్మలే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. పాప ఆయన పక్కనే చాప మీద ఆడుకునేది.

మాటలు తగ్గాక మలబద్ధకం వచ్చింది, తర్వాత కడుపునొప్పి. కాలనీలో డాక్టర్ నులిపురుగులన్నారు, మందు తాగించాం. ఇంకో ఆయన రక్తం తక్కువుందని ఐరన్ సిరప్ రాశారు. "మాటలు పోతున్నాయి డాక్టర్" అన్నాను. "కొందరు పిల్లలు లేటమ్మా. టీవీ తగ్గించండి. మీరు మరీ టెన్షన్ పడుతున్నారు" అన్నారు. మా ఇంట్లో టీవీయే లేదని చెప్పేలోపు ఆయన తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. లేటు వేరు, ఉన్నవి పోవడం వేరు. ఈ తేడా తెలియడానికి ఎంబీబీఎస్ చదవాలా?

ఇంట్లో మా అత్తగారిది ఇంకో వైద్యం. "దిష్టి తగిలీసిందే అమ్మా. రోజూ బొమ్మలెట్టి ఫొటోలు తీసి ఊరందరికీ సూపిత్తే తగల్దేటి?" అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేవారు.

ఒకరోజు పాప తిన్నదల్లా కక్కేసి, పిలిస్తే పలకనంత మగతలోకి వెళ్లింది. పెద్దాసుపత్రికి పరిగెత్తాం. అక్కడి పిల్లల డాక్టరమ్మ మాత్రం నేను చెప్పింది చివరిదాకా విన్నారు. మర్నాడు పిలిచి, "రక్తం స్మియర్‌లో ఎర్రకణాల మీద నీలి చుక్కలు కనబడ్డాయమ్మా, బ్యాసోఫిలిక్ స్టిప్లింగ్ అంటాం. బ్లడ్ లెడ్ లెవెల్ చేయిద్దాం" అన్నారు. శాంపిల్ వేరే ఊరు వెళ్లింది. రిపోర్ట్ వచ్చాక ఆవిడ తలుపు వేసి మాట్లాడారు.

"లెడ్, అంటే సీసం. చాలా ఎక్కువగా ఉంది. ఇది బ్రెయిన్ మీద పనిచేస్తుంది. పోయిన మాటలు ఎంతవరకు వెనక్కి వస్తాయో ఇప్పుడు నేను ప్రామిస్ చేయలేను."

తర్వాత అడిగారు. "ఈ మధ్య ఇంట్లో పెయింటింగ్ చేయించారా? పెయింట్ వేసిన బొమ్మలు ఉన్నాయా?"

"లేదు మేడమ్. రంగు బొమ్మలు అసలు ఇవ్వం. నేనే ప్లెయిన్ చెక్కతో చేస్తాను" అన్నారు మా ఆయన.

"వెరీ గుడ్" అన్నారు డాక్టరమ్మ.

ఆ వెరీ గుడ్ ఇప్పటికీ నా చెవిలో మోగుతోంది.

కాటుక, పసుపు, పాత ఇత్తడి గిన్నెలు, సీసం ఉండే వీలున్నవన్నీ అనుమానించి పారేశాం. కాటుక డబ్బీ పారేసినందుకు మా అత్తగారు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. పాపకు కీలేషన్, అంటే ఒంట్లోంచి సీసాన్ని బయటికి లాగే మందు, మొదలైంది. క్యాప్సూల్ విప్పితే కుళ్లిన గుడ్డు వాసన. ఒకరు పట్టుకుంటే ఒకరు మింగించేవాళ్లం. లెవెల్ తగ్గింది. డిశ్చార్జ్ అయి ఇంటికి వచ్చాం. ఆ సంతోషంలో మా ఆయన పాప కోసం చెక్క రైలు చేశారు. మర్నాటి నుంచి మళ్లీ రోజుకొకటి.

తర్వాతి టెస్టులో లెవెల్ మళ్లీ ఎగబాకింది.

"ఎముకల్లోంచి కొంత రక్తంలోకి వస్తుంది, రీబౌండ్ అంటాం. కానీ ఇంత రాదమ్మా. మీ ఇంట్లో సోర్స్ ఇంకా ఉంది. వెతకండి" అన్నారు డాక్టరమ్మ.

పాపను ఎత్తుకుని ఇంటికొచ్చేసరికి మా ఆయన బాల్కనీలో ఉన్నారు. ఒళ్లో బాతు, తెల్లగా, నున్నగా. పక్కన సాండ్ పేపర్ ముక్క. అది నీలంగా ఉంది. ఆయన మోకాళ్లు నీలంగా ఉన్నాయి. చాప అంచు నీలంగా ఉంది.

"ఏంటిది?" అన్నాను.

"బాతే. మొన్నటిది పోగొట్టీసింది గదా."

"బాతు కాదు. ఆ నీలం."

"పాత పెయింటు. గీకీసేను గదా, పోయింది."

"ఎక్కడికి పోయింది?"

ఆయన సాండ్ పేపర్ వైపు చూశారు. తర్వాత చాప వైపు, పాప రోజూ కూర్చునే చోటు వైపు చూశారు. నేను అరిచిన అరుపులకు కింది ఫ్లాట్ల వాళ్లు బయటికి వచ్చారు. వచ్చినందుకు వాళ్లమీద కూడా అరిచాను.

ఆ నీలం పొడిని టెస్ట్ చేయిస్తే సీసమే అని తేలింది. ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, చాపలు, పరుపు తీసేసే వరకూ పాపతో పెందుర్తిలో మా అక్క ఇంట్లో ఉన్నాను. రెండోసారి కీలేషన్ అక్కడి నుంచే. మా అత్తగారు ఫోన్ చేసి, "ఆడు తెలీక సేసేడే. పిల్ల కోసం సిగరెట్టు మానీసినోడు, పిల్లకి ఇషం పెడతాడా?" అన్నారు. పెట్టరు. నాకూ తెలుసు. తెలియక చేశారని పాప మెదడు వదిలిపెట్టిందా? నా కోపం ఆయనొక్కరి మీదే కాదు. ఆ రంగు డబ్బాల్లో సీసం కలిపి అమ్మినవాళ్ల మీద. టీవీ తగ్గించమన్న డాక్టర్ మీద. ఓపిక పట్టమని నాకు చెప్పిన ప్రతి ఒక్కరి మీద.

ఇప్పుడు లెవెల్ నెమ్మదిగా దిగుతోంది. ఇంకా నార్మల్ కాలేదు. స్పీచ్ థెరపీకి వెళ్తున్నాం. మా ఇంట్లో ఇక చెక్క లేదు. కొత్త కలప తెచ్చుకుంటానని ఆయన ఒకసారి అడిగారు. నేను పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను, ఆయన మళ్లీ అడగలేదు. మొన్న ఆయన డ్యూటీ నుంచి రాగానే పాప గుమ్మానికి అడ్డంగా నిలబడి, అచ్చం వాళ్ల నానమ్మలా, "నాన్నా, సేతులు కడుక్కో" అంది. జబ్బు చేశాక అది పలికిన మొదటి పూర్తి వాక్యం. ఆయన కొళాయి దగ్గరికెళ్లి మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు రుద్ది కడుక్కున్నారు. నాకు జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు.

ఇది చదివే తల్లులకు ఒక్క మాట. ఇంట్లో పెయింట్ ఉందా అని డాక్టర్ అడిగితే ఉంది, లేదు అని చెప్పి ఊరుకోకండి. మీ పిల్ల ఎక్కడ కూర్చుంటుందో, దాని పక్కన ఎవరు ఏ పని చేస్తారో ఫోటో తీసి చూపించండి. మా ఆయన ఫోన్‌లో అలాంటివి ఎన్నో ఉన్నాయి, రోజుకొకటి. ముందు తెల్లటి బొమ్మ, వెనకాల నీలం పొడిలో, వేలు నోట్లో పెట్టుకుని మా సాన్వి. ఊరంతా చూసి లైక్ కొట్టారు. డాక్టరుకు మాత్రం మేం ఒక్కటీ చూపించలేదు.