కిరిహర దాయాదులూ మా సుభద్ర గారూ

మొన్న జపాన్ సరుకులమ్మే కొట్లో ఎవరో బార్లీ టీ పొట్లం చించినట్టున్నారు. దోరగా వేగిన గింజల వాసన, కాస్త మాడిన పేలాల వాసనలాంటిది, గుప్పున తగిలింది. బండి తోసుకుంటూ పోతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో సుభద్ర గారి ఇంటి తలుపు తెరవగానే ఎదురొచ్చే వాసన అది. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

ఆవిడను చూడనివాళ్ళకు ఎలా చెప్పను? పొట్టి మనిషి. నేత చీర మీద భర్తగారి పాత స్వెటర్ తొడుక్కుని, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి చూస్తూ మాట్లాడేవారు. భర్త గుండె డాక్టరు. ఆయన ఉన్న రోజుల్లోనే పక్కింట్లోకి కిరిహర అనే జపాన్ దంపతులు వచ్చారు. కిరిహర గారు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో మేనేజరు. ఆయన భార్యకు ఈవిడ ఇంగ్లీషు నేర్పితే, ఆమె ఈవిడకు జపనీస్ నేర్పింది. వాళ్ళది ఒకప్పటి సమురాయ్ వంశమని తెలిశాక సుభద్ర గారికి కుదురు లేకపోయింది. పిల్లల్ని కాలేజీకి పంపాక తానూ యూనివర్సిటీలో చేరి, పాత లిపి చదవడం నేర్చుకుని, చరిత్రలో పట్టా పుచ్చుకుని, కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పసాగారు. ఊళ్ళో తెలుగు పిల్లలందరికీ ఆవిడ ‘జపాన్ ఆంటీ’.

నేను పెళ్ళయి మిషిగన్ వచ్చిన కొత్తలో, తలా ఒక వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ళ పాట్‌లక్ ఒకదానిలో ఆవిడను మొదటిసారి చూశాను. పులిహోర పళ్ళెం పట్టుకున్న ఒక డాక్టరు గారు ఆవిడను ఆటపట్టిస్తున్నారు. “మన కాకతీయులూ, రెడ్డి రాజులూ ఉండగా ఆ జపాన్ వాళ్ళ గోల మీకెందుకండీ సుభద్ర గారూ?”

“మీ ఇంటి చరిత్ర మీరే రాస్తే మీ ముత్తాతగారు ఒంటిచేత్తో పులిని చంపేస్తారు డాక్టరు గారూ. పక్కింటివాళ్ళు రాస్తే పిల్లి అని తేలుతుంది,” అన్నారావిడ. అందరితోపాటు ఆయనా నవ్వేశారు. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వేం చేస్తుంటావమ్మాయ్?” అని అడిగారు.

“ఏం లేదాంటీ. డిపెండెంట్ వీసా, వర్క్ చేయడానికి లేదు.”

“డిపెండెంట్ అయింది నీ వీసా. నీ బుర్ర కాదుగా? ఏం చదివావు?”

“ఎమ్మే హిస్టరీ.”

“అయితే ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? రేపు పొద్దున మా ఇంటికి రా.”

మర్నాడు వెళ్ళాను. వాళ్ళ భోజనాల బల్ల మీద భోజనాలు జరిగిన గుర్తేమీ లేదు. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక పొడుగాటి కాగితం పరిచి ఉంది. దాని మీద కిరిహర వంశవృక్షం సగం గీసి ఉంది. నన్ను కూర్చోబెట్టి, గ్లాసులో బార్లీ టీ పోసి, ఆవిడ ఆ వంశం కథ చెప్పారు. వాళ్ళేమీ దేశాన్నేలిన మహారాజులు కారు. కొండల నడుమ ఒక చిన్న కోట, దాని కింద కొన్ని ఊళ్ళు, అంతే. ఒకసారి శత్రువులు ఆ కోటను ముట్టడించారు. తిండి అయిపోవచ్చింది. ఇక రేపో మాపో కోట పడిపోతుందనగా కోట యజమాని చిన్నకొడుకు గోడ దాటి వెళ్ళి శత్రువుల పక్షంలో చేరాడు. తండ్రి ఆ ముట్టడిలోనే కన్నుమూశాడు. పెద్దకొడుకు మాత్రం సాయం వచ్చేదాకా కోట నిలబెట్టాడు, గెలిచాడు. అతని సంతతి ‘పెద్దిల్లు’ అయింది. ఓడిన చిన్నకొడుకు సముద్రపు ఒడ్డుకు పోయి నేల దున్నుకున్నాడు. అతని సంతతి ‘ఒడ్డు ఇల్లు’. తరవాతెప్పుడో పెద్దింట్లో మగపిల్లలు లేకపోతే అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుని తమ ఇంటిపేరే ఇచ్చారు. ఆ అల్లుడి చిన్నకొడుకులతో మూడో శాఖ మొదలైంది.

“అంటే దాయాదులన్నమాట,” అన్నాను.

“చూశావా, ఆ ఒక్క మాట కోసం నేను ఇంగ్లీషులో పేరాలు పేరాలు రాయాల్సి వస్తోంది,” అని మురిసిపోయారు. ఆ రోజు నుంచి నాకు ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఏర్పడింది. శాఖల గీతలు గీశాను, పేర్లు సరిచూశాను, ఆ వంశం మీద ఆవిడ ఇంగ్లీషులో రాస్తున్న పుస్తకం అధ్యాయాలు, ఆవిడ చెబుతుంటే టైప్ చేశాను. ఏళ్ళ తరబడి ఆ పని సాగింది. జీతం లేదు, కానీ నేను ఫలానా పని చేస్తున్నానని చెప్పుకోగలిగాను. దేశం కాని దేశంలో అది నాకు నిలువెత్తు గర్వం.

చిక్కంతా చిన్నకొడుకు దగ్గర వచ్చింది. అతను ద్రోహి, ప్రాణభయంతో పారిపోయాడు అని పెద్దింటివాళ్ళు తరతరాలుగా చెప్పుకునే మాట. ఒడ్డు ఇంటివాళ్ళ మాట ఏమిటో వినడానికి సుభద్ర గారు నన్ను వెంటబెట్టుకుని కాలిఫోర్నియా వెళ్ళారు. ఆ శాఖకు చెందిన హత్సుయె అనే ముసలావిడ సన్నీవేల్‌లో ఉంటోంది. వాళ్ళ నాన్న అక్కడ చామంతులు పండించేవాడట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఆ కుటుంబాన్ని జపాన్ వాళ్ళన్న కారణంగా నిర్బంధ క్యాంపుకు తరలించింది. తిరిగొచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. చామంతి తోటలున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. వాటి బాల్కనీల్లో మనవాళ్ళ చీరలు ఆరుతున్నాయి.

హత్సుయె మాకు చెస్ట్‌నట్ గింజలు వేసి వండిన అన్నం పెట్టింది. “ఇవాళ మా మూలపురుషుడి తద్దినం లాంటిది. కోటలో పోయిన ఆ తండ్రిది,” అంది. ఆపైన చేతికర్ర నేలకు ఆనించి, ఒక్కొక్క మాటే చెప్పింది. “మేం పారిపోలేదు. మమ్మల్ని పంపారు. కోట పడిపోయినా వంశం మిగలాలని తండ్రే చిన్నకొడుకుని అవతలికి పంపాడు. మా నానమ్మ క్యాంపులో రోజూ ఈ మాట చెప్పి మమ్మల్ని తలెత్తుకుని నడవమనేది.”

తిరిగొచ్చాక సుభద్ర గారు రెండు ఇళ్ళ కథనూ పక్కపక్కన పెట్టి ఒక అధ్యాయం రాశారు. పుస్తకానికి కావలసిన కవచాల, కోట బొమ్మల ఫోటోలన్నీ పెద్దింటివి. కిరిహర గారు ఆ ఇంటి పెద్ద కొడుకే. రాతప్రతి చదివి, ఒక ఆదివారం ఆయన వచ్చారు. ఎప్పుడూ పెరటి తలుపులోంచి వచ్చే మనిషి ఆ రోజు ముందు తలుపు బెల్ కొట్టారు.

“ఈ అధ్యాయం తీసేయండి. మా నాన్నగారు చూస్తే తట్టుకోలేరు,” అన్నారు ఇంగ్లీషులో, తల వంచుకునే.

“ఇదే మీ ఇంటి కథ కూడా కిరిహర గారూ. మీ మాట ఒక్కటి కూడా తగ్గించలేదు.”

“ద్రోహి మాట మా మాట పక్కన నిలబెట్టారు. అది చాలు. అలా అయితే ఫోటోలు ఇవ్వలేను.”

“ఫోటోలు లేకుండానే వేస్తాను. ఒక ఇల్లు తీసేసి మాత్రం వేయలేను.”

ఆయన టీ ముట్టకుండా వెళ్ళిపోయారు. ఫోటోలు లేకపోతే కష్టమని పబ్లిషర్ వెనకాడారు. రెండిళ్ళ మధ్య పెరటి దారి మీద గడ్డి మొలిచింది. నేను ఉండబట్టలేక, “ఒక్క చాప్టరే కదాంటీ, అడ్జస్ట్ అయిపోదాం,” అన్నాను. ఆవిడకు కోపం రాలేదు. “ఆ ముసలావిడ తలెత్తుకుని నడిచింది ఆ ఒక్క చాప్టర్ మీదేనమ్మాయ్,” అన్నారు. ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఇరవై ఏళ్ళ స్నేహం పోతోందని నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

మరుసటి ఏడు శరత్కాలంలో ఊరి లైబ్రరీలో ఆవిడ ప్రసంగం పెట్టారు. హత్సుయెను మనవడు విమానంలో తీసుకొచ్చాడు. హాలు నిండింది. తెలుగువాళ్ళూ చాలామంది వచ్చారు. కిరిహర గారు రారనుకున్నాం. మొదలయ్యాక వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. సుభద్ర గారు కంచిపట్టు చీరలో, నిటారుగా నిలబడి, పెద్దింటి మాట పూర్తిగా చెప్పారు. ఒడ్డు ఇంటి మాటా పూర్తిగా చెప్పారు. ఎవరో లేచి, “ఇంతకీ ఏది నిజం?” అని అడిగారు.

“నాకు తెలియదు,” అన్నారావిడ. “పదిహేనేళ్ళు చదివాను. తెలియదు. ఒకటే చెప్పగలను. ఒడ్డు ఇంటివాళ్ళు ఇప్పటికీ ఆ తండ్రి పోయిన రోజున చెస్ట్‌నట్ అన్నం వండుకుంటారు.”

వెనక వరసలో కిరిహర గారు లేచి నిలబడ్డారు. “అందులో ఏం వేస్తారు?” అని అడిగారు.

హత్సుయె వెనక్కి తిరిగింది. “ఉప్పు. ఇంకేమీ వేయకూడదు. కోటలో ఆఖరికి మిగిలింది అదేనట.”

“ఆ రోజు వండే అన్నంలో మా అమ్మ కూడా ఇంకేమీ వేయదు,” అన్నారు కిరిహర గారు. అని, కుర్చీల మధ్యనుంచి నడిచి ముందుకొచ్చి, ఆ ముసలావిడ ఎదుట నడుము వంచి నమస్కరించారు. ఆమె మనవడి చెయ్యి పట్టుకుని లేచి, తానూ అంతే వంగింది. నా పక్కన కూర్చున్న తెలుగావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “మన సుభద్ర గారేనండీ,” అంది పక్కవాళ్ళతో.

కిరిహర గారు ఆ కథను నమ్మలేదు, చివరిదాకా. ఫోటోలు మాత్రం ఇచ్చారు. ‘పెద్దిల్లు దీన్ని అంగీకరించదు’ అని రాయమన్నారు. సుభద్ర గారు ఆ మాటను అడుగున చిన్న అక్షరాల్లో పెట్టకుండా అధ్యాయం మొదటి వాక్యంగా పెట్టారు. పుస్తకం అచ్చయి వచ్చిన రోజున ఆయన పెరటి తలుపులోంచే వచ్చారు.

గ్రీన్‌కార్డు వచ్చాక ఆవిడే నన్ను వెంటపడి కాలేజీలో చేర్పించారు. ఇప్పుడు నేను హైస్కూల్లో చరిత్ర చెబుతున్నాను. యుద్ధాల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు చెయ్యెత్తుతారు. “మరి ఎవరు కరెక్ట్ మిస్?” అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏదో ఒక జవాబు చెప్పేయాలని నోటిదాకా వచ్చేది. టీచరుకు తెలియకపోతే ఎలా అని భయం. ఇప్పుడు ఆ భయం లేదు. నిండు హాల్లో, పట్టుచీరలో నిటారుగా నిలబడి ఆ మాట అన్న మనిషి దగ్గర చదువుకున్నదాన్ని నేను.

“నాకు తెలియదు,” అంటాను తల ఎత్తే. “ఇద్దరి మాటా విందాం. కూర్చోండి.”