పడుగూ పేకా కాని లెక్క

సూరత్ లింబాయత్‌లో ముప్పై ఏళ్లు మగ్గాలు నడిపి ఒక్క చీర పాడుచేయని నేను, మనవరాలి చదువును ఒకే ఒక్క పెన్నుపోటుతో పాడుచేయబోయాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. చివర్లో నవ్వితే నాకు కోపం వస్తుంది.

పదేళ్ల కిందటి మాట. అప్పటికి నాది అరవై రెండేళ్ల లేత వయసు. బడి గడప తొక్కకపోయినా మనవరాలు కవిత పుస్తకాలన్నీ నమిలేసి ఉన్నాను. హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసే ఆంధ్రా ఆయన ఒకరు ఆదివారాలు మా గల్లీ పిల్లలకు ఊరికే పాఠం చెప్పేవారు. ఇంటి దగ్గర చేసుకురమ్మని ఓ లెక్క ఇచ్చారు. సరిగ్గా చేసినవాళ్లకే పై బ్యాచ్‌లో, అంటే ఎంట్రన్స్ బ్యాచ్‌లో చోటు; మిగతావాళ్లకు కింది బ్యాచ్.

తెలియని వెక్టర్, అంటే రెండు అంకెల జత, ఒకటుంది. (1, 0)తో దాని డాట్ ప్రొడక్ట్ 3. (1, 1)తో 5. అదేదో కనుక్కోవాలి. డాట్ ప్రొడక్టంటే బ్రహ్మవిద్యేం కాదండీ. మొదటి అంకెను మొదటిదాంతో, రెండోదాన్ని రెండోదాంతో గుణించి కలపడమే.

కవిత (3, 2) అని రాసింది.

"ఏంది బిడ్డా, అయిదు యాడ పోయింది?"

"రెండోది ఏటవాలుగ ఉంది తాతా. దాంట్ల మూడు ముందే కలిసింది. అయిదుల మూడు పోతే రెండు."

"ఏటవాలేంది? రెండు దిక్కులిచ్చిండంటే ఒకటి నిలువు పడుగు, ఒకటి అడ్డం పేక. పడుగు మీద మూడు, పేక మీద అయిదు. గంతే."

"గిది బట్ట కాదు తాతా."

"సూరత్‌ల బట్ట కానిది ఏముందే?"

ఆమె రాసిన రెండును కొట్టేసి, నా చేత్తో అయిదు దిద్దాను.

ఆదివారం కాగితం మీద ఎర్రగీత, బ్యాచ్‌లో కవితకు చోటు లేదు. పిల్ల ఏడవలేదు. నా వంక చూడటం మానేసింది, అంతే. నేను ఊరుకుంటానా? మగ్గంలోంచి ఎగిరిపడ్డ షటిల్‌లా వెళ్లి సారు ముందు పడ్డాను.

"ఏంది సారూ, మా పిల్లను గిట్ల ఆపుతరా?"

"కూర్చోండి పెద్దాయనా. ఈ జవాబుని సరిచూద్దాం. మొదటిదాంతో ఎంతొచ్చింది?"

"మూడు." మీసం దువ్వాను. పిల్లలందరూ చూస్తున్నారు మరి.

"రెండోదాంతో?"

మూడొకట్లు మూడు, అయిదొకట్లు అయిదు. చెయ్యి మీసం మీంచి దానంతటదే జారింది.

"ఎనిమిది."

"రావలసింది?"

"అయిదు."

లోకంలో ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు. నా కుందేలుకు ఎనిమిది మొలిచాయి.

"ఈ కొట్టివేత ఎవరిదండీ?"

కవిత నేల చూపులు చూస్తోంది. "నాదే సారూ. పిల్ల రెండే రాసింది" అన్నాను.

ఆయన కాగితాన్ని వెలుతురుకెత్తి, నా సిరా కింద నలిగిన రెండును చూశారు. "మూడూ రెండూ అయిదు. అమ్మాయి కరెక్టేనండీ. పై బ్యాచ్‌లో కూర్చోమనండి."

"మరి తప్పు చేసినోళ్లు సార్?" కవిత నోరు ఇప్పుడు లేచింది.

"కింది బ్యాచే. ఆదివారం తొమ్మిదింటికి. చాప ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి."

ఏడాదంతా నా చాప నేనే తెచ్చుకున్నాను. అయినా అడుగుతాను, ఆమె జవాబు సరైనదని నలుగురి ముందు రుజువు చేసిందెవరు? నేను కాదూ?

సరే. నా మగ్గం మీద ఒట్టు: ఇకమీద ఏ జవాబైనా రెండోదాంతో కూడా సరిపోయేదాకా మీసం మీద చెయ్యి వేయను.