శనగ చేలో రెండు రోజుల ఓపిక

ఈ పొద్దున మిద్దె మీద చిక్కుడు తీగకు నీళ్లు పోస్తుంటే, లేత ఆకు మీద పచ్చపురుగు ఒకటి తన సొంత చేనన్నట్టు తాపీగా మేస్తూ కనిపించింది. నర్సు ఉద్యోగం చేసే మా అమ్మాయి డ్యూటీకి పోతూ, ఆ తీగ పీకేయమ్మా, కర్నూల్లో చిక్కుళ్లకు కరువా అని మెట్లు దిగిపోయింది. ఈ ఇంట్లో పగలంతా నాకు తోడుండేది ఆ తీగ ఒక్కటే, దాన్నెట్లా పీకను?

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పురుగుమందు కొట్టడమంటే అప్పట్లో మగవాళ్లు మూతికి తువ్వాలు చుట్టుకుని, కళ్లు మండుతున్నా చేనంతా తిరగడమే. కమలాపురం దగ్గర మా నల్లరేగడి చేలో మా ఆయన ఒకసారి అట్లా కొడుతూనే నురగలు కక్కి పడిపోయాడు. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో తెచ్చుకున్నానే గానీ, ఆ తర్వాత మందు డబ్బా వాసన తగిలితే చాలు, నేను ఆ చాయలకు పోయేదాన్ని కాదు. అందుకే మరుసటి ఏడు శనగకు పురుగు పడినప్పుడు, వ్యవసాయ ఆఫీసు ఆయన ఇచ్చిన పొడి పొట్లం దేవుడే పంపినట్టు తోచింది. మట్టిలో బతికే, కంటికి కనపడని జీవట అది, ఆకుతోపాటు పురుగు కడుపులోకి పోతేనే దాని పని, మనుషులకు ఏమీ కాదట. ఎండకు దాని బలం తగ్గుతుందని పొద్దు గూకే వేళ కొట్టమన్నాడు. నేను బిందెతో నీళ్లు తెచ్చి పోస్తుంటే, మా ఆయన నమ్మకం లేని ముఖంతోనే కొట్టాడు.

మరునాడు చూస్తే పురుగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పక్క చేను పెద్దాయన గట్టు మీద నిలబడి, "ఏమప్పా, మందు కొట్టినావా, పురుగులకు పాలు పోసినావా?" అని నవ్వాడు. దాంతో మా ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చి, రేపు తొలి బస్సుకు పోయి గట్టి మందు తెస్తానని కూర్చున్నాడు. చచ్చేదానికి రెండు దినాలు పడతాదని చెప్పినారు కదా, ఆగమని బతిమాలాను.

"చేను పోతే ఏం తింటామే?" అన్నాడు.

"నువ్వు పోతే నేనేం తినాల?" అన్నాను. అయినా ఆయన మనసు మార్చుకోలేదు.

తెల్లవారి లేచేసరికి మంచంలో ఆయన లేడు. ఇంక మాటలతో ఆగడని, పురుగు ఏమైందో చూసి చెబుదామని నేను ముందు చేనికి పరుగెత్తాను. శనగ ఆకు మీది పుల్లటి మంచుకు కుచ్చిళ్లు తడిసి కాళ్లు చురచురమంటున్నా, సాలు సాలునా వంగి చూశాను. పురుగులు మేయడం లేదు, వేలితో తాకినా కదలడం లేదు, నల్లబడి, మెత్తబడి కొమ్మలకు తలకిందులుగా వేలాడుతున్నాయి. పురుగుతో సహా ఒక మండ విరిచి, చెప్పులైనా లేకుండా బస్సు ఆగే చోటికి పరుగు తీశాను.

ఆయన అప్పటికే బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఉన్నాడు. ఆయాసపడుతూనే మండ చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టిన కాలు కిందికి దించాడు. బస్సు పోయింది. ఆ మండకున్న పచ్చికాయ ఒకటి ఒలిచి, కడగకుండానే నోట్లో వేసుకుని, ఇంకొకటి నా చేతిలో పెట్టాడు. మందు కొట్టిన చేలో కాయ అట్లా నోట పెట్టడం మాకు అదే మొదలు. అంత తియ్యటి శనగ నేను మళ్లీ తినలేదు.

ఆయన పోయాక చేను కౌలుకిచ్చి ఇక్కడికి వచ్చేశాను. కౌలుకు చేసే అతను, కొట్టిన గంటకే పురుగు రాలాలంటాడు, ఆగే తీరిక ఎవరికుందంటాడు. అతన్ని తప్పుపట్టను. ఆగాలంటే పక్కన మనిషి ఉండాలి.

సాయంత్రం పొద్దు గూకినాక, బజారు నుంచి తెప్పించుకున్న అదే పొడి చిటికెడు చెంబులో కలిపి తీగకు చల్లాను. ఎల్లుండికి ఆ పురుగు నల్లబడి వేలాడుతుంది, నాకు తెలుసు. మండ విరుచుకుని ఎవరి దగ్గరికి పరుగెత్తాలో, అదే తెలియడం లేదు.