అక్షిత నా మాస్కు లాగిన రోజు

2020 జూన్. సూరత్‌లో మరమగ్గాల షెడ్లు సగం తెరుచుకున్నాయి, బడులు తెరుచుకోలేదు. డిండోలిలో నేను పనిచేసే తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాల గేటుకు మార్చిలో వేసిన తాళం అలాగే ఉంది. నా ఒకటో తరగతి పిల్లల్లో సగం మంది రైళ్లెక్కి సిరిసిల్ల, జగిత్యాల వైపు ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఒక్కో గది ఇళ్లలో, ఇంటికొక్క ఫోనుతో ఉండిపోయారు. ఆ ఫోను నాన్న జేబులో పాళీకి వెళ్తుంది, మళ్లీ నాన్నతోనే ఇంటికొస్తుంది. పాళీ అంటే మగ్గాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు.

ఆరేళ్ల పిల్లలకు ఫోనులో గుణింతాలు చెప్పడం అయ్యే పని కాదు. అందుకని ఇంట్లోనే సాగేలా కథ చుట్టూ పాఠాలు కట్టాను. మా వృత్తిలో దీన్ని స్టోరీ ప్లాన్ అంటాం. వారమంతా ఒకటే కథ. సోమవారం వినాలి. మంగళవారం కథలోని వస్తువులను ఇంట్లో వెతికి లెక్కపెట్టాలి. బుధవారం బొమ్మ గీయాలి, గురువారం ఇంట్లోవాళ్లతో కలిసి కథను ఆడాలి, శుక్రవారం ముగింపు మార్చి చెప్పాలి. తల్లికి చదువు రాకపోయినా, చేతిలో పుస్తకం లేకపోయినా నడిచే పాఠం ఇది.

మొదటి కథ నేనే అల్లాను. ఊరి నుంచి తెచ్చుకున్న బెల్లం ముద్దలో నిద్రపోయిన చీమ రైల్లో సూరత్ వచ్చి పడుతుంది. మగ్గాల షెడ్డులో అందరినీ ఇంటికి దారి అడుగుతుంది. ఎవరూ పలకరు. దయ్యాలు, దేవతలు, శాపాలు లేని కథ. ఆ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. మా నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని సంస్కరణ సభలకు తిరిగిన మనిషి. ఎదుటివాడి వాదంలో కంత ఎక్కడుందో పట్టుకోవడం నేను పలకా బలపం కన్నా ముందు నేర్చుకున్నాను.

కథను వాయిస్ నోట్‌గా, అంటే గొంతు రికార్డు చేసి, ప్రతి ఇంటికీ పంపేదాన్ని. పిల్లలు తమ గొంతుల్లో జవాబులు పంపేవాళ్లు. ఒకడు మా ఇంట్లో నలభై చీమలున్నాయన్నాడు. ఇంకొకతె బెల్లం లేదు కాబట్టి చీమ కూడా లేదని తేల్చేసింది. అక్షిత నుంచి మాత్రం ఏమీ రాలేదు.

అక్షిత నా తరగతిలో మొదటి బల్ల మీద కూర్చునే పిల్ల. మిగతావాళ్లు కిటికీలోంచి కాకుల్ని చూస్తుంటే తను రెప్పవాల్చకుండా నా ముఖమే చూసేది. తక్కువ మాట్లాడేది, తప్పు లేకుండా రాసేది. నా పాఠం మీద అంత శ్రద్ధ అని నాకు కాస్త గర్వంగానే ఉండేది. తండ్రి రాజేశం సచిన్ పారిశ్రామికవాడలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. తల్లి లావణ్య ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. నాయనమ్మ నర్సవ్వ వాళ్లతోనే ఉంటుంది.

రాజేశం పాళీ నుంచి ఇంటికొచ్చే వేళ చూసి లావణ్యకు ఫోన్ చేశాను.

"ఏం జెయ్యాలె మేడం, ఫోను చెవికాడ వెడ్తె ఇసిరి కొడ్తున్నది. పిలిస్తె పలుకుతలేదు. మూతి బిగవట్టుకొని మూలకు కూసుంటది."

"మొండితనం లావణ్యా. రోజూ వినిపించు, అదే అలవాటవుతుంది."

మొండితనం. ఆ మాట అన్నది నేనే.

జులైలో లావణ్య తనే ఫోన్ చేసింది. లాక్‌డౌన్ మొదట్లో వాళ్ల కింది ఇంట్లో ఒకామె చనిపోయింది. శవాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి మెట్ల మీదుగా దింపుతుంటే అక్షిత అక్కడే నిలబడి ఉందట. అప్పటినుంచే పిల్ల నోరు కట్టుకుపోయిందని నర్సవ్వ నమ్మకం. పాండేసర వైపు గాలి వదిలిస్తానని చెప్పుకునే ఒక మనిషి ఉన్నాడు. గాజుముక్క కాల్చి వాత పెడతాడు. మూడు అమావాస్యలకు మూడు వాతలు. మొదటిది వారం రోజుల్లో.

వినగానే నా ఒళ్లు మండింది. వెంటనే బయల్దేరి వెళ్లాను. కరోనా కదా, మాస్కుతో గడప బయటే నిలబడ్డాను. అరగంట మాట్లాడాను. మనిషి చనిపోతే ఏమవుతుందో, గాలి సోకడం అనే మాట ఎలా పుట్టిందో, వాతల వ్యాపారం ఎవరి భయం మీద నడుస్తుందో చెప్పాను. బాగా చెప్పాను. రాజేశం తలవంచుకుని, "మేడం చెప్పేది నిజమేనే అవ్వా," అన్నాడు.

నర్సవ్వ మాత్రం తల వంచలేదు. "దయ్యం లేదంటున్నవు. మంచిగనే ఉన్నది. మరి పిల్లకు ఏమైందో నువ్వే జెప్పు బిడ్డా."

"బడి లేదు, ఆట లేదు. ఇంట్లో అందరిలో భయం. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది."

"నాలుగు రోజులేంది? నాలుగు నెలలాయె."

ఆ మాటను దాటేసి ఇంకో పది నిమిషాలు దయ్యాలు లేవనే చెప్పాను. గెలిచాననుకుని మెట్లు దిగాను. అక్షిత నాయనమ్మ కొంగు వెనక నిలబడి, మాస్కు పైన కనిపించే నా కళ్లనే చూస్తూ ఉంది. ఆ పిల్లతో నేను ఒక్క మాట మాట్లాడలేదు.

అమావాస్య వచ్చింది. వాత పెట్టించారు.

నాలుగు రోజుల తర్వాత లావణ్య ఫోన్‌లో చెప్పింది. ఏడవలేదు. "పిల్ల ఒర్లింది మేడం. ఒర్లుతుంటె మా అత్త, నోరు తెరిసింది, గాలి పోతున్నదని సంబురపడ్డది. వచ్చే అమాసకు ఇంకోటి. తర్వాత అత్తెంబడి ఊరికి తోలిస్తరంట. ఇగ బడి బంద్ అంటున్నరు."

ఆ ఆదివారం మళ్లీ వెళ్లాను. ఈసారి గడప దాటి లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాను. అక్షిత గొంతు కింద చింతగింజంత పుండు, దాని మీద పసుపు.

"పోలీసులకు చెప్తాను రాజేశం. ఆ మనిషి మీదే కాదు, మీ మీద కూడా."

రాజేశం నా వైపు చూశాడు. "చెప్పుండ్రి మేడం. చెప్తె పిల్ల మాట్లాడుతదా?"

పిల్లవైపు తిరిగి కూర్చున్నాను. సంచిలోంచి బెల్లం ముక్క తీసి చాప మీద పెట్టి చీమ కథ మొదలుపెట్టాను. రెండు వాక్యాలు అయ్యాయో లేదో అక్షిత లేచి వచ్చి, రెండు చేతులతో నా మాస్కు పట్టుకుని కిందికి లాగేసింది.

"ఓ పిల్లా!" అని లావణ్య చెయ్యెత్తింది. నర్సవ్వ గోడకు ఆనుకుంది. "సూశినవా? గిది మన పిల్ల జేసే పనేనా?"

లావణ్య చెయ్యి ఆపి, మాస్కు లేకుండానే కథ కొనసాగించాను. అక్షిత నా ముందు మఠం వేసుకుని కూర్చుంది. చీమ రైలు సీటు కింద జారిపడిన చోట నవ్వింది కూడా. ఇన్నాళ్లకు టీచరు ముఖం కనపడింది, పాపం, బెంగపెట్టుకుందనుకున్నాను. నా కళ్లు చెమర్చాయి. అదీ తప్పే. నన్ను ఎంత ప్రేమించిందో అనే ఊహ నాకు హాయిగా ఉంది, అంతే.

అసలు సంగతి ఒక గ్లాసు నీళ్లతో బయటపడింది. గదికి ఆ చివర కూర్చున్న రాజేశం మా కథకు అడ్డురాకూడదని, గొంతు లేకుండా, పెదవులు మాత్రం కదిపి కూతురి వైపు ఏదో అన్నాడు. అక్షిత లేచి వెళ్లి కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది.

"నువ్వు ఏమీ అనలేదు కదా, ఎలా తెలిసింది దానికి?"

రాజేశం నవ్వాడు. "మా కార్ఖానల గంతే మేడం. మగ్గాల సప్పుడుల మాట ఇనవడుతదా? మూతి సూసి మాట్లాడుకుంటం. ఇంట్ల గూడ గదే అలవాటు. నాకు ఎడమ చెవు పోయి ఎన్నేండ్లాయె. మా బాపుకైతె రెండూ పోయినయ్."

"మరి అక్షితకు?"

"దానికేం మేడం? మా అందరికన్న హుషారు. మూతి కదిలితె సాలు."

నేను లేచి అక్షిత వెనక్కి వెళ్లాను. ఇన్నేళ్లుగా ఉపన్యాసాల్లో రుజువు, పరీక్ష అని మాట్లాడినదాన్ని మొదటిసారి ఆ పిల్లను పరీక్షించాను. వెనకనుంచి పేరు పెట్టి పిలిచాను. కదల్లేదు. గట్టిగా పిలిచాను. బెల్లం ముక్కతోనే ఆడుకుంటోంది. కింద చెంబు పడేస్తే తిరిగింది. అది నేల అదిరినందుకేమోనని పళ్లెం గాలిలో పట్టుకుని గరిటెతో కొట్టాను. తిరగలేదు. ముందుకొచ్చి, గొంతు లేకుండా పెదవులతో "చీమ ఏదీ?" అన్నాను. వెంటనే రైలు వెళ్లిపోయినట్టు చెయ్యి ఊపి చూపించింది.

నర్సవ్వ నన్ను పక్కకు తోసింది. నా పరీక్ష మీద ఆమెకు నమ్మకం లేదు, తనే చేసుకోవాలి. మనవరాలి వెనక కూర్చుని మెల్లగా, "సిట్టీ," అంది. కాస్త గట్టిగా, "సిట్టితల్లీ." ఆ తర్వాత వీధి అంతా వినపడేలా అరిచింది. పిల్ల బెల్లం నాకుతూ ఉంది.

నర్సవ్వ చెయ్యి పిల్ల భుజం మీదినుంచి మెల్లగా పుండు దాకా వెళ్లి, తగలకుండా ఆగింది. "ఇనవడకనా అవ్వా... ఇనవడని పిల్లను పట్టి కాల్పిచ్చిన."

ఆ ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడతారు, అందరూ పెదవులు చూస్తారు. అందుకే ఒక పిల్లకు వినపడటం లేదని అక్కడ ఎవరికీ తట్టలేదు. ఈ తప్పు మగ్గాల ఇంట్లోనే జరగగలదు. కానీ నాది మగ్గాల ఇల్లు కాదు. ఏడాదంతా ఆ పిల్ల మొదటి బల్ల మీద కూర్చుని నా పెదవులు చదువుకుంటుంటే శ్రద్ధ అనుకున్నాను. ముఖాలన్నీ మాస్కుల వెనక్కి వెళ్లాయి, పాఠమంతా గొంతులోకి వెళ్లింది. ఇంట్లో కూడా తల్లి రాళ్ల పని మీంచి తలెత్తకుండానే పిలుస్తుంది. అక్షితకు లోకం ఒక్కసారిగా మూతపడింది, మాట కూడా ఆగింది. వినపడని ఆ ఫోనును రోజూ చెవి దగ్గర పెట్టమన్నది నేను.

రెండో వాత పడలేదు. ఊరి ప్రయాణం ఆగింది. వాతల మనిషి మీద ఫిర్యాదు ఇచ్చాను. కొన్నాళ్లు కనపడలేదు, తర్వాత మళ్లీ దుకాణం పెట్టాడు. ఆసుపత్రులన్నీ కరోనాతో నిండి ఉన్నాయి కాబట్టి చెవుల పరీక్షకు దీపావళి దాటేదాకా ఆగాల్సి వచ్చింది. ఆడియోమెట్రీ అంటారు దాన్ని. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి చప్పుళ్లు వినిపిస్తారు, వినపడ్డప్పుడు పిల్ల చెయ్యెత్తాలి. అక్షిత చెయ్యి చాలాసేపు లేవలేదు. రెండు చెవుల్లోనూ లోపం ఎక్కువే ఉందని, ఎప్పటినుంచో చెప్పలేమని డాక్టరు అన్నారు. వినికిడి యంత్రాలు పెడితే కొంత మేలు ఉంటుందన్నారు.

ఈలోగా నా స్టోరీ ప్లాన్ మొత్తం తిరగరాసుకున్నాను. వాయిస్ నోట్ బదులు వీడియో. కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, పొట్టి వాక్యాల్లో, చేతులతో, బొమ్మలతో చెప్పేదాన్ని. సోమవారం "వినడం" అన్న మాట కొట్టేసి "చూడటం" అని రాశాను. గురువారం ఆటకు ఇంట్లోవాళ్లంతా కూర్చోవాలని షరతు పెట్టాను.

మొదటి గురువారమే ఒక చిక్కు వచ్చింది. నర్సవ్వ కథ చెబితే అక్షితకు అర్థం కావడం లేదు. పళ్లు లేని నోట్లో పెదవులు లోపలికి పోతున్నాయి. ఆమెకు కట్టుడు పళ్లున్నాయి కానీ చిగుళ్లు ఒరుసుకుంటాయని డబ్బాలో పెట్టి పెట్టెలో దాచింది. మరుసటి వారం వీడియోలో చూద్దును కదా, నిండా పళ్లతో నర్సవ్వ. వెంటనే ఫోన్ చేశాను.

"పెండ్లిళ్లకు గూడ పెట్టుకోకపోతి మేడం. గీ చీమ కోసం పెట్టుకున్న."

"మరి గాలి మాటేమిటి నర్సవ్వా?" ఉండబట్టలేక అడిగాను.

"గాలి గూడ సోకింది, చెవులు గూడ ఇనవడయి. రెండూ అయినయ్. నీకు సమజ్ గాదు తియ్యి."

వాదించలేదు. పళ్లు పెట్టుకుని కథ చెబుతోంది, నాకు అది చాలు.

దయ్యం లేదని నేను ఇప్పటికీ అంతే గట్టిగా చెబుతాను. కానీ "మరి పిల్లకు ఏమైంది?" అని ఆ ముసలామె అడిగిన ప్రశ్న నా అరగంట ఉపన్యాసం కన్నా హేతువుకు దగ్గరగా ఉంది. జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పి, పిల్ల పక్కన కూర్చుని ఉంటే ఆ అమావాస్యకు ముందే తెలిసేది. నేను వాదంలో గెలిచి మెట్లు దిగాను. ఆ గెలుపు గుర్తు అక్షిత గొంతు కింద ఇప్పటికీ ఉంది.

యంత్రాలు వచ్చిన తర్వాత ఒక శుక్రవారం అక్షిత తన వీడియో పంపింది. చెవుల వెనక రెండు చిన్న యంత్రాలు, చేతిలో బొమ్మ. వంకరగా, పెద్ద గొంతుతో, ముగింపు మార్చి చెప్పింది:

"చీమ అరిచింది. మేడం ఇనలే. చీమ మేడం ముక్కు మీద ఎక్కింది. మాస్కు తీసింది. మేడం అప్పుడు ఇన్నది."