మా బావగారి బొగ్గు బిళ్ళలు

మా అక్క మొగుడికి తెలియని విద్య లేదు. కనీసం ఆయన అలాగే అనుకుంటారు. భీమవరంలో నేనూ మా ఆయనా నిప్పుల మీద చేపలు కాల్చి అమ్మే కొట్టు పెట్టుకుని కాస్త నిలదొక్కుకుంటున్న రోజుల్లో, బావగారు అమలాపురం దగ్గర బొగ్గు బిళ్ళలు తయారుచేసే మిషను పెట్టారు. కొబ్బరి చిప్పలు కాల్చి, ఆ బొగ్గును పొడి చేసి, గంజి కలిపి, అచ్చులో నొక్కి ఆరబెట్టడమే పని. చూడ్డానికి సులువే. బావగారు అంతవరకే చూశారు.

"దుబాయ్ వాళ్ళు అడుగుతున్నారమ్మా. నీకైతే ఇంటి సరుకు కదా," అంటూ మా కొట్టు ముందు బస్తాలు దింపించారు. అక్క మొహం చూసి కాదనలేకపోయాను.

ఆ వారంలోనే ఒకరింట్లో బాప్తిస్మం విందుకు చేపలు కాల్చే పని ఒప్పుకున్నాం. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన బిళ్ళలు మండుతుంటే వీడియో తీసుకుందామని వచ్చారు. తీయడానికి అక్కడ మంటంటూ ఉంటే కదా! ఎంత విసిరినా పొగే. అదీ పచ్చి ఊక కమురు వాసన. కాసేపటికి బిళ్ళలు టపటపా పేలి నిప్పురవ్వలు ఎగిరాయి. అందరికంటే ముందు వెనక్కి గెంతింది బావగారే. ఎలాగో అంటుకున్నవి కూడా చేపలు సగం కాలకముందే బూడిద కప్పుకుని చల్లారిపోయాయి. మసాలా పట్టించిన పండుగప్పల మీద ఆ బూడిద సున్నం జల్లినట్టు పడింది.

ఒక బిళ్ళను పట్టుకారుతో తీసి విరిచాను. లోపల ఇంకా తడి. సగం కాలిన ఊక గోధుమరంగులో కనిపిస్తోంది. మధ్యమధ్య బంకమన్ను.

"ఏంటి బావగారూ ఇది? మట్టి కలిపారా?"

"కొంచెమేనమ్మా. బరువు రావాలి కదా."

"కొబ్బరి చిప్పల బదులు ఊకా? అదీ సరిగ్గా మాడకుండానే కలిపేశారేంటి? అసలు ఎండబెట్టారా?"

"ముసురు పట్టింది, నేనేం చెయ్యను? పైకి ఆరినట్టే ఉన్నాయి. అయినా నీ చేపల్లో నీళ్ళెక్కువమ్మా. అవి కారే నిప్పు ఆరిపోతోంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సిగ్గు కోసం వెతికాను. లేదు. దాంతో నా కోపం కూడా పోయి ఈసడింపే మిగిలింది. కోప్పడాలన్నా ఎదుట ఒక మనిషి ఉండాలి.

మా ఆయన పొయ్యిలోదంతా ఎత్తి దూరంగా పారబోశారు. నేను ఇంటావిడనడిగి గ్యాస్ పొయ్యి తీసుకుని, చేపలు కడిగి, మళ్ళీ ఉప్పుకారం పట్టించి పెనం మీద వేయించాను. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళు "పర్లేదమ్మా" అంటుంటే తలెత్తలేకపోయాను. బావగారు మాత్రం మొదటి పంక్తిలో కూర్చుని, ఇంకో ముక్క అడిగి మరీ వేయించుకున్నారు.

నాకు నిప్పు రాజెయ్యడం రాదని తర్వాత చుట్టాలందరికీ చెప్పారట. అక్క ఫోన్ చేసింది.

"నాకు తెలుసే. షెడ్డులో ఉన్నవి బూజు పట్టి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి," అంది. ఆమె కోసమే నేనెక్కడా నోరు విప్పలేదు.

మిషను పాత ఇనుము కింద పోయింది. ఇప్పుడు బావగారు రొయ్యల చెరువులకు మందులు అమ్ముతున్నారు. మొన్న కొట్టుకొచ్చి, ఒకే పొడితో రొయ్యల జబ్బులన్నీ పోతాయని చెప్పుకొచ్చారు. విని, చేప కాల్చి పెట్టాను. ముల్లు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని, "ఉప్పు తక్కువైందమ్మా," అని వెళ్ళిపోయారు.