అందే ఎత్తులో డబ్బా

మా ఆవిడ పోయింది. గుండెపోటు. పొద్దున్నే కాఫీ కలిపి, నా గ్లాసు నా ముందు పెట్టి, తన గ్లాసు ముట్టుకోకుండానే పోయింది. పత్రికవాళ్లు నాలుగు మాటలు రాయమన్నారు. రాస్తున్నాను. మెత్తగా రాయడం చేతకావడం లేదు, మన్నించాలి.

ముందు ఒక సంగతి. రాజమండ్రిలో మా వీధి మొదట్లో ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. 'అనాథల పాలిటి అమ్మ' అని. నేనే వెళ్లి విప్పించాను. కట్టినవాళ్లు నొచ్చుకున్నారు. నొచ్చుకోనీండి. ఆమె ఉండగా ఆ మాట మా గుమ్మం తొక్కలేదు. "మీకు బోలెడు పుణ్యం వస్తుందండి" అని ఎవరైనా అంటే, "పుణ్యం కావాలంటే అన్నవరం కొండెక్కుతామండి. మాకు పిల్ల కావాలి, తెచ్చుకున్నాం" అనేది.

తెచ్చుకున్నది పదహారేళ్ల కిందట. అమ్మాయికి అప్పటికి నాలుగేళ్లు. పిల్లల్ని దత్తతకిచ్చే ఆఫీసులో సంతకాలు పెట్టించుకున్నారు, ఫొటో తీశారు, లడ్డూ పంచారు. ఆ పిల్లను ఎలా పెంచాలో ఒక్క ముక్క చెప్పినవాడు లేడు. అంతకు కొద్దిరోజుల ముందే మేము కుట్టుమిషను కొన్నాం. కొట్టువాడు ఇంటికి మనిషిని పంపించి, దారం ఎక్కించడం దగ్గర్నుంచి అన్నీ చూపించాడు. మిషనుకున్న మర్యాద పిల్లకు లేకపోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

వచ్చిన కొత్తలో అమ్మాయి అన్నం ముద్దలు దాచేది. దిండు గలీబులో, బీరువా వెనక. చీమలు పట్టేవి. పిల్లను చూడ్డానికి వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, "దొంగబుద్ధిరా. ఎక్కడి రక్తమో ఏంటో. ఇప్పుడే రెండు తగిలించండి" అన్నాడు. మా ఆవిడ ఆ సాయంత్రం ఒక స్టీలు డబ్బాలో జంతికలు పోసి, వంటింట్లో కింది అరలో, పిల్ల చెయ్యి అందే ఎత్తులో పెట్టింది.

"ఇది నీది. తీసుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఇది ఖాళీ అవ్వదు."

అమ్మాయి నమ్మలేదు. లేస్తూనే వెళ్లి మూత తీసి చూసుకునేది. నమ్మకం కుదిరేసరికి ఒక ఎండాకాలం వచ్చి వెళ్లిపోయింది. ఆ తర్వాత గలీబులో ఏమీ దొరకలేదు.

నేర్పాల్సినవాళ్లు నేర్పలేదు కాబట్టి తానే నేర్పుతానని కూర్చుంది. ప్రతి రెండో శనివారం మా వరండాలో చాపలు పరిచేది. పిల్లల్ని పెంచుకుంటున్న తల్లులు వచ్చేవారు. చెల్లెలు పోతే ఆమె పిల్లల్ని సాకుతున్న అక్కలు వచ్చేవారు. కూతురు పోయాక మనవరాలిని పెంచుతున్న ఒక మామ్మ ఉప్పాడ నుంచి బస్సులు మారి వచ్చేది. సొంత మనవరాలిని పెంచడానికి పాఠాలా అని వాళ్ల ఊళ్లో నవ్వేవారట. తల్లి పోయిన పిల్ల రాత్రిళ్లు పక్క తడిపితే ఏం చెయ్యాలో ఆ నవ్వినవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

మా ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. గొంతును బట్టే మనిషిని పట్టేసేది. అందుకేనేమో, వరండాలో ఆమె చేయించే సాధన అంతా గొంతు గురించే. తనే బజార్లో ఎదురైన పెద్దావిడలా చేతులూపుతూ వచ్చేది.

"ఏమ్మా, ఈ పిల్ల నీ సొంత పిల్లేనా? మీ పోలికే లేదే!"

అందరూ చేసే పొరపాటు ఒకటే. పిల్ల వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "తర్వాత చెప్తానండి" అనేవారు.

"అయిపోయింది! మీరు గొంతు తగ్గించారంటే, తనలో సిగ్గుపడే సంగతేదో ఉందని పిల్లకి అర్థమైపోతుంది. గట్టిగా చెప్పండి. మళ్లీ!"

"నా పిల్లేనండీ!" అని ఉప్పాడ మామ్మ అరిస్తే వీధిలో సైకిళ్లు ఆగేవి.

"మరీ అంత కాదు మామ్మా, ఇక్కడ చేపలమ్మట్లేదు."

"చేపలైతే ఇంకా గట్టిగా అమ్ముతానమ్మా!"

పిల్లల్ని ఇచ్చే ముందే ఇలాంటివి నేర్పమని ఆ ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. "ప్రేముంటే చాలు కదండీ" అన్నాడొక అధికారి, ఫైలు మీంచి తలెత్తకుండా. "ప్రేమున్నవాళ్లే కొట్టడం చూశానండి, ఏం చెయ్యాలో తెలీక" అంది. అతను టీ తెప్పించాడు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. ఆమె పోయాక పూలదండ మాత్రం పంపించారు.

పదో రోజు గోదావరి రేవులో ధర్మోదకాలు. పోయినవాళ్ల పేరు చెప్పి అయినవాళ్లు దోసిలితో నీళ్లు వదలాలి. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, కొంగు బిగించుకుని మెట్లు దిగుతోంది. అన్నయ్య నా చెవి దగ్గరికి వంగాడు.

"అదెందుకురా? మన గోత్రమా, మన రక్తమా? పంతులుగారికి ఓ మాట చెప్పి ఆపించు."

గొంతు బాగా తగ్గించాడు. అమ్మాయి ఆగింది. తగ్గించిన గొంతులు వింటూ పెరిగిన పిల్ల.

"పెదనాన్నగారూ, గట్టిగా అనండి. అందరూ వింటారు. ఈ మాట గొంతు తగ్గించి అనకూడదని మా అమ్మ చెప్పింది."

అన్నయ్య పంతులుగారి వైపు చూశాడు.

"అనండి బాబూ, మేమూ వింటాం!" అంది పై మెట్టు మీంచి ఉప్పాడ మామ్మ.

"రా తల్లీ, ఆలస్యమవుతోంది" అన్నారు పంతులుగారు.

అమ్మాయి నీళ్లలోకి దిగింది. అమ్మ పేరు చెప్పి దోసిలి వదిలింది. అవతల బట్టలు ఉతుక్కుంటున్నవాళ్లు తలెత్తి చూసేంత గట్టిగా చెప్పింది. ఆమె వెనక శనివారం ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఎవరూ గొంతు తగ్గించలేదు. అన్నయ్య చెప్పులు వెతుక్కుంటూ ఉండిపోయాడు.

అందరూ ఇంటికి వచ్చారు. వాళ్లలో మండపేట ఆవిడ ఒకరు. ఈమధ్యే పిల్లను తెచ్చుకుంది. పిల్లను వెంటబెట్టుకుని మా వరండాకు ఒక్క శనివారమే వచ్చింది; ఆ రోజే మా ఆవిడ ఆ పిల్లకు కింది అరలో డబ్బా చూపించింది. ఆ పిల్ల నేరుగా వంటింట్లోకి వెళ్లి కింది అర ముందు కూర్చుంది. మైల ఇంట్లో నూనె మూకుడు పెట్టరు గనక, అమ్మాయి కొట్టులో బిస్కెట్లు కొని డబ్బా నింపి ఉంచింది. పిల్ల ఒకటి తింది. ఇంకోటి తీసి, మా వైపు చూస్తూ, గౌను జేబులో కుక్కుకుంది. వాళ్లమ్మ కసురుకోబోయి, నోరు మూసుకుంది. మా అమ్మాయి గోడ వైపు తిరిగి గ్లాసులు సర్దడం మొదలుపెట్టింది. నేనూ కిటికీలోంచి బయటకు చూశాను.

వెనకాల మూత మళ్లీ చప్పుడైంది.